ఎర్రబోడు సంతలో కట్టడి

కురుమయ్య బండి పట్టపగలే బోల్తా పడింది. ఎర్రబోడు సంతలో ఉల్లిగడ్డ బస్తాలు నింపుకుని, వాగు దిగుడులో ఎడ్లను నిదానంగా నడిపిస్తున్నాడు. ఉన్నట్టుండి కుడి చక్రం ఇరుసు నుంచి జారి, తన దారిన తాను దొర్లుకుంటూ వాగులోకి పోయింది. బండి ఒరిగిపోయింది. బస్తాల కింద పడ్డ కురుమయ్యకు తొడ ఎముక విరిగింది. వెనక వస్తున్న బండ్లవాళ్లు అతన్ని బయటకు లాగి, సాగర్ డ్యాం పనికి సిమెంటు దించి ఖాళీగా తిరిగి వస్తున్న లారీలో నల్లగొండ దవాఖానకు పంపించారు.

చక్రం ఊడకుండా ఇరుసు చివర దిగగొట్టే ఇనుప సీల అక్కడ లేదు. సంతలో ఎడ్లను విప్పి నీళ్లకు తోలుకుపోయినప్పుడు ఎవరో దాన్ని పీకేశారు. అనుమానం రాకుండా ఆ జాగాలో కట్టెపుల్ల దూర్చి, పైన కందెన పూశారు. విరిగిన ఆ కట్టెపుల్ల వాగు ఇసుకలో దొరికింది.

డ్యాం పని మొదలైనప్పటి నుంచి ఆ చుట్టుపక్కల ఇనుముకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. దాంతోపాటే దొంగతనాలూ పెరిగాయి. బండి సీలలు, సైకిళ్ల గొలుసులు, దీపాలు, లారీల జాకీలు, ఆఖరికి డ్రైవరు చాయ తాగి వచ్చేలోగా అదనపు చక్రం కూడా మాయమయ్యేది. అవన్నీ ఎక్కడికి చేరతాయో అందరికీ తెలుసు. బేస్తవారం సంతలో మొట్టమొదటి కొట్టం లచ్చయ్యది. పాత ఇనుము కొంటాడు, అమ్ముతాడు. పోయిన గొలుసు వెతుక్కుంటూ వెళ్లినవాడు లచ్చయ్య దగ్గరే ఇంకో గొలుసు కొనుక్కుని వచ్చేవాడు. అది తనదేనని లోపల అనిపించినా అనలేడు. ఠాణాకు పోతే, అది నీదేనని రుజువేమిటని అడిగేవారు. పైగా లచ్చయ్య సర్పంచ్ అమరేందర్‌కు స్వయానా బావమరిది.

కురుమయ్య అక్క గోపమ్మ. మేకలూ గొర్రెలూ ఉన్న ఇల్లు. భర్త మందతో గుట్టల మీద ఉంటే, సంతకు గొర్రెపిల్లలను తోలుకొచ్చి అమ్మేది ఆమే. ఏడాది కిందట ఆమెను పంచాయతీ మెంబరుగా చేశారు. ఆడమనిషి కూడా ఉండాలని చట్టం వచ్చింది కాబట్టి, నోరు తెరవదని పేరున్న మనిషిని చూసి అమరేందరే ఎంపిక చేశాడు. ఆ ఏడాదంతా ఆమె అతని నమ్మకాన్ని వమ్ము చేయలేదు. మీటింగుకు వచ్చేది, వినేది, వేలిముద్ర వేసి పోయేది.

దవాఖానలో తమ్ముడి మంచం పక్కన కూర్చుని ఆమె చాలా ఆలోచించింది. కాలికి బరువు కట్టి వేలాడదీసి ఉన్న కురుమయ్య, ఆ పుల్ల దూర్చినవాడు తనకు తెలిసినవాడే అయి ఉంటాడని పదే పదే అనేవాడు. వాడెవడో పట్టుకోవాలని, వాడి ముఖం చూడాలని అతని కోరిక. గోపమ్మకు మాత్రం ఆలోచన ఇంకోవైపు నడిచింది.

ఎర్రబోడుకు రాగానే ఇంటికి కూడా పోకుండా ఆజం దుకాణం ముందు ఆగింది. ఆజం సైకిళ్లు కిరాయికి ఇస్తాడు. అతని సైకిళ్లకు గంటలు, దీపాలు నిలవక విసిగిపోయి ఉన్నాడు.

"దొంగలు ఎందరో, ఎవరో మనకు ఎరుకలేదు ఆజం. కొనేటోడు మాత్రం ఒక్కడే. ఆడు కూసున్న జాగా ఎవరిది?"

"సంత జాగా పంచాయతీది గద అక్కా."

"నేను పంచాయతీల ఉన్న," అంది గోపమ్మ.

మరునాడే ఆజం సైకిలెక్కి పంచాయతీ సమితి ఆఫీసుకు వెళ్లాడు. సంతలో ఎవరికి జాగా ఇవ్వాలో, ఏ షరతు మీద ఇవ్వాలో పంచాయతీయే నిర్ణయించుకోవచ్చని అక్కడి అధికారి చెప్పాడు. ఆ మాట పట్టుకుని గోపమ్మ తర్వాతి మీటింగులో లేచి నిలబడింది. ఆమె గొంతు ఆ గదిలో అందరికీ కొత్త. చెప్పాల్సింది చెప్పింది. బండిది గానీ, సైకిలుది గానీ, లారీది గానీ పాత సామాను అమ్మదలచినవాడు దాన్ని ముందు పంచాయతీ ఆఫీసు ముందర కట్టిన తీగకు వేలాడదీయాలి. ఒక సంతనాడు పొద్దంతా అది అందరికీ కనబడాలి. నాదని ఎవరూ రాకపోతే నిశ్చింతగా అమ్ముకోవచ్చు. తీగకు కట్టని సామాను కొన్నవాడికి ఎర్రబోడు సంతలో జాగా ఉండదు.

అలాంటివి చేసే అధికారం మనకెక్కడిదని అమరేందర్ నవ్వేయబోయాడు. గోపమ్మ సమితి అధికారి మాట చెప్పింది. మెంబర్లలో సగం మంది ఏదో ఒకటి పోగొట్టుకున్నవాళ్లే. ఒకరి తర్వాత ఒకరు చేతులెత్తారు. కాగితం మీద రాసినంత మాత్రాన ఏమవుతుందిలే అనుకుని అమరేందర్ సంతకం పెట్టాడు. ఊరంతా డప్పు కొట్టి ఈ కట్టడి చాటించారు.

రెండు మూడు సంతలు కట్టడి బాగానే నడిచింది. తీగకు ఒక పాత హ్యాండిలు, అరిగిన గొలుసు వేలాడాయి. జనం వింతగా వచ్చి చూసిపోయారు. లచ్చయ్య మాత్రం తీగ వైపు కన్నెత్తి చూడలేదు. ముందరి అరుగు మీద కొత్త సామాను పెట్టి, పాతది వెనక గోనెల కింద దాచి, ఎప్పటిలాగే బేరం సాగించాడు.

ఒక బేస్తవారం కిరాయికి పోయిన ఆజం సైకిలు గొలుసు లేకుండా తిరిగొచ్చింది. గోపమ్మ అప్పుడు గొర్రెపిల్లల దగ్గర ఉంది. విషయం వినగానే పిల్లలను పక్కవాళ్లకు అప్పగించి, నలుగురు బండ్లవాళ్లను వెంటబెట్టుకుని, నిండు సంతలో లచ్చయ్య కొట్టానికి నడిచింది. వెనకకు పోయి గోనెలు లాగింది. కింద సీలలు, గొలుసులు, దీపాలు, రెండు లారీ జాకీలు కుప్పగా ఉన్నాయి. చుట్టూ జనం మూగారు.

లచ్చయ్య తొణకలేదు. ఇన్నేళ్లుగా తనను కాపాడుతున్న ప్రశ్నే మళ్లీ అడిగాడు.

"ఇందుల నీదేది గోపమ్మా? నీదని రుజువేంది?"

"నాదని నేనంటలేను లచ్చయ్యా. ఎవరిదని కూడ అడుగుతలేను. తీగకు కట్టినవా లేదా? గంతే."

జనంలో మొదట ఎవరో ఒకరు నవ్వారు, ఆ తర్వాత అందరూ నవ్వారు. ఇంతకాలం ఇనుముకు గుర్తులు చూపించలేక తలవంచుకున్న మనుషులు వాళ్లు. ఇప్పుడు గుర్తులతో పనే లేదు. తీగకు వేలాడిందా లేదా అన్నది ఊరంతటికీ తెలిసిన సంగతి.

కబురందుకుని అమరేందర్ వచ్చాడు. ఈ ఒక్కసారికి వదిలేద్దామని, ఇకనుంచి జాగ్రత్తగా ఉంటాడని గోపమ్మను పక్కకు పిలిచి సర్దిచెప్పబోయాడు. ఆమె పక్కకు పోలేదు.

"బావమరిదికి ఒక కట్టడి, బండోళ్లకు ఒక కట్టడి ఉండది పటేలా. గట్లయితే ఆ తీగ తెంపేయి," అంది.

అమరేందర్ వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. లచ్చయ్య గోనెలు మళ్లీ సామాను మీద కప్పుకున్నాడు.

ఆ వారమంతా గోపమ్మ, ఆజం ఊళ్లు తిరిగారు. ఎక్కువ మాట్లాడాల్సిన పని పడలేదు. కురుమయ్యకు జరిగింది రేపు తమకు జరగొచ్చని ప్రతి బండివాడికీ తెలుసు. తర్వాతి బేస్తవారం పొద్దున వచ్చిన బండ్లు సంతలోకి రాలేదు. ఊరి బయట మలుపు దగ్గర ఒకదాని వెనక ఒకటి ఆగి, ఎడ్లను విప్పేశాయి. మిరపకాయల బండ్లు, కుండల బండ్లు, జొన్నల బండ్లు వాగుదాకా బారులు తీరాయి. వాటి వెనక సాగర్ తొవ్వన పోయే లారీలు కూడా మూడు నాలుగు ఆగాయి. డ్రైవర్లు దిగి బండ్లవాళ్లతో పాటు నీడలో కూర్చున్నారు. సంతలో కొనడానికి వచ్చినవాళ్లు ఖాళీ సంచులతో నిలబడి ఉన్నారు. బట్టలవాళ్లు, గాజులవాళ్లు ఈగలు తోలుకుంటున్నారు. ఎండ ముదిరేసరికి వాళ్లే సర్పంచ్ ఇంటి ముందు చేరి, ఇదేం సంత పటేలా అని అడిగారు.

అమరేందర్ ఒక్కడే నడుచుకుంటూ మలుపు దాకా వచ్చాడు. బండ్ల బారు ఎంత పొడుగుందో చూశాడు. ఎవరూ అతన్ని ఏమీ అనలేదు, లేచి నమస్కారాలు కూడా పెట్టారు. గోపమ్మ ఒక బండి నొగల దగ్గర నిలబడి ఉంది. ఈ మనిషి చేను అంచునే తన మంద తిరగాలి, ఈ ఊళ్లోనే తను బతకాలి. అయినా కళ్లు దించలేదు.

"నేను సంతకం పెట్టిన కట్టడే గద ఇది," అన్నాడు అమరేందర్ చివరికి, తనలో తాను అనుకున్నట్టు. వెనక్కి తిరిగాడు. నేరుగా లచ్చయ్య కొట్టం దగ్గరికి పోయి, జాగా ఖాళీ చేయమన్నాడు. లచ్చయ్య తన అక్క పేరెత్తి ఏదో అనబోతే, ఇంటి సంగతి ఇంట్లో మాట్లాడుకుందామని ఆపేశాడు. మొదటి గుంజను తన చేత్తోనే పట్టి ఊపాడు. మిగతావి జనం పీకారు. గోనెల కిందివన్నీ మోసుకొచ్చి తీగకు కట్టారు. బరువుకు తీగ వంగి నేలకు ఆనబోతే ఆజం ఇంకో రెండు తీగలు బిగించాడు.

అప్పుడు బండ్లు కదిలాయి. ఎడ్ల మెడల్లో గంటలు ఒక్కసారిగా మోగుతుంటే, సంతలో ఉన్నవాళ్లంతా దారికి రెండు పక్కలా నిలబడి చూశారు. లారీవాళ్లు హారన్లు కొట్టారు. డప్పు చాటింపు వేసే మనిషి, ఎవరూ చెప్పకుండానే డప్పు తీసుకుని ముందు నడిచాడు. ఆడవాళ్లు గోపమ్మ చుట్టూ చేరారు. ఆమె నవ్వుతూనే, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆ సాయంత్రానికి సంతలో ఒక్క మిరపకాయ కూడా మిగల్లేదు.

కొనే చోటు పోయాక, పీకేవాళ్లు వాళ్లంతట వాళ్లే తగ్గిపోయారు. ఏడాది తిరిగాక లచ్చయ్య పంచాయతీకి అర్జీ పెట్టుకున్నాడు. కట్టడికి ఒప్పుకుంటానన్నాడు. గోపమ్మే జాగా ఇద్దామంది, ఈసారి చివరి వరసలో.

కురుమయ్య కాలు అతుక్కుంది. కొంచెం కుంటుతాడు గానీ బండి తోలడానికి అడ్డం లేదు. హాలియా దిక్కున్న ఊళ్ల పెద్దలు ఈ సంగతి విని, తమ సంతల్లో కూడా ఇలాంటిది పెట్టుకుంటామని, వచ్చి చెప్పి పొమ్మని గోపమ్మకు కబురు పెట్టారు. ఒక ఆదివారం పొద్దున కురుమయ్య ఎడ్ల కొమ్ములు కడిగి, బండిలో గడ్డి పరిచి, పైన గొంగడి వేసి అక్కను ఎక్కించుకున్నాడు. ఏం చెప్తావక్కా వాళ్లకు అని దారిలో అడిగాడు.

"ఏమున్నది తమ్మీ, మనకేమయిందో గదే చెప్త. జర ఉరికియ్యి, వాళ్లు ఎదురుచూస్తుంటరు."

కురుమయ్య ఎడ్లను అదిలించాడు.