ఇక్కడ మిరపకాయలు పట్టబడవు

ఒకప్పుడు మా గల్లీలో పొద్దున్నే పిండి గిర్నీకి మొదట ఎవరూ వచ్చేవారు కాదు. ఆడవాళ్ళు పిండి డబ్బాలు చంకన పెట్టుకుని మూలమీద నిలబడి, "నువ్వు పో అక్కా", "లే, నువ్వే పో" అని ఒకరినొకరు ముందుకు నెట్టుకునేవారు. కారణం లాల్‌దర్వాజాలో అందరికీ తెలుసు. పగలంతా పిండి పట్టిన రాయి మీదే సాయంత్రం మిరపకాయలు పడతారు. మర్నాడు మొదటి డబ్బా ఎవరిదైతే వాళ్ళింట్లో రొట్టెలు ఘాటెక్కుతాయి.

మా గిర్నీ ఒక్కటే కాదు, ఎదురుగా ఉన్న బీరయ్య గిర్నీ కూడా అంతే. అదే రాయి, అదే బెల్టు, అదే మోత. డెబ్బై రెండులో అతను మా ఎదురుగా షట్టరు ఎత్తిన రోజు నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. అతను కిలోకి పైసా తగ్గించాడు. మా ఆయన ఎల్లప్ప కూడా తగ్గించాడు. అతను మళ్ళీ తగ్గించాడు. ఇంకొక్కసారి తగ్గిస్తే వచ్చింది కరెంటు బిల్లుకే చాలదు, గిర్నీ మూసుకోవాలి.

"గిరాకి మనదగ్గరికే ఎందుకు రావాలె? చెప్పు," అని ఒకరోజు మా ఆయన్ని అడిగాను.

"ఎందుకేంది? మనది గిర్నీ గాబట్టి."

"బీరయ్యది గుడుంబా దుకాణమా?"

ఆయన పోయి బెల్టు సవరించుకోసాగాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ వారమే రాయి విప్పించి, శుభ్రంగా కడిగించి, గాట్లు కొత్తగా కొట్టించాను. రేకు మీద "ఇక్కడ మిరపకాయలు పట్టబడవు" అని రాయించి గుమ్మం మీద కొట్టించాను. రేటు బీరయ్య కంటే రెండు పైసలు ఎక్కువ పెట్టాను.

"పాగల్ అయినవా రాజమణీ? ఎండకాలం సగం గిరాకి మిర్చిదే!" అని ఎల్లప్ప ఎగిరిపడ్డాడు.

"పోనీ. పొద్దుగాల మొదటి గిరాకి మనదైతది."

"చెల్లే, మిర్చి మొత్తం నాకే ఇచ్చినవ్, మస్తు మెహర్బానీ!" అని బీరయ్య ఎదురుగా కూర్చుని నవ్వాడు.

మూడు వారాలు అతనిదే నవ్వు. ఆ తర్వాత ఒకరోజు తెల్లారగానే రమాబాయి వచ్చింది. వాళ్ళది మహంకాళి గుడి పక్కన పాత కుటుంబం, ఆమె మాటంటే గల్లీలో అందరికీ గురి. ఎనిమిది నెలల మనవడికి జావ కాయడానికి బియ్యం తెచ్చింది.

"నిజంగనే పట్టవా? పసిపిల్లగాని నోట్లెకు పోయేది ఇది."

"నా పిల్లల మీద ఒట్టు అమ్మా. ఒక్క గింజ గూడ పట్ట."

ఆమె పిండి పట్టించుకుని పోయింది. మూడో రోజు మళ్ళీ వచ్చింది. నెల తిరిగేసరికి "నేను ముందు" అంటే "నేను ముందు" అని మా గుమ్మంలో లొల్లి. రెండు పైసల మాట ఒక్కరూ ఎత్తలేదు. నాకైతే కాళ్ళు నేల మీద ఆగలేదు.

వేసవిలో ఒక ఆదివారం మా అక్క నీలమ్మను చూడ్డానికి సైదాబాద్ వెళ్ళి పొద్దుగూకాక వచ్చాను. సోమవారం పొద్దున ముందుగా రమాబాయి. నేనే బియ్యం పోశాను, నేనే పిండి ఎత్తి ఇచ్చాను. ఆమె వెళ్ళిన అరగంటకు, గిరాకి కాస్త తగ్గాక, రాయి కింద ఊడుద్దామని వంగానో లేదో, తుమ్ము. మళ్ళీ తుమ్ము. చీపురు చివర చూస్తే ఎర్రగా ఉంది.

"ఏం పట్టినవ్ నిన్న?" అని అరిచాను.

ఎల్లప్ప నా మొహం చూడలేదు. "బహదూర్‌పురా నుంచి పెండ్లి వంటోళ్ళు వచ్చిండ్రు. పది కిలోల మిర్చి. ఒక్కసారే గదా. ఆఖర్ల రెండు కిలోల తవుడు తిప్పిన, రాయి సాఫ్ అయింది."

"రమాబాయమ్మ పిండి తీస్కపోయింది!"

నేను పరుగెత్తబోతే చెయ్యి పట్టుకున్నాడు. "ఎంతుంటదే, చిటికెడు గూడ ఉండది. నువ్వు పోయి చెప్తే రేపట్నుంచి ఎవరొస్తరు? ఆ బోర్డు తప్ప మనకేమున్నది?"

ఆయన అన్నది నిజమే, దేవుడా! ఒక్క క్షణం ఆగాను కూడా. ఆ ఒక్క క్షణాన్ని నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. చెయ్యి విదిలించుకుని, చెప్పులు కూడా లేకుండా గుడి దాకా ఉరికాను.

పిల్లవాడి ఏడుపు వీధిలోకే వినిపించింది. అప్పటికే ఒక చెంచా నోట్లో పడిపోయింది. వాడి పెదాలు కందిపోయాయి, రమాబాయి వేలితో నాలుకకు వెన్న రాస్తోంది. నేను గడప దగ్గరే కూలబడి అంతా చెప్పేశాను. ఒట్టు వేసిన నోటితోనే చెప్పాను.

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"బీరయ్య దగ్గర కారం వస్తదని తెలుసు రాజమణీ. తెలుసు గాబట్టి పిల్లగాని బియ్యం ఇంట్లనే విసురుకునేదాన్ని. నువ్వు రాదన్నవని ఆ తిరగలి ఎత్తి మూలకేసిన."

పాలు తాగి పిల్లవాడు నిద్రపోయేదాకా అక్కడే ఉండి ఇంటికొచ్చాను. సాయంత్రానికి సంగతి గల్లీ అంతా పాకింది. మర్నాడు మా గుమ్మంలో ఒక్క డబ్బా లేదు. "ఇంక గా బోర్డు దించు చెల్లే," అన్నాడు బీరయ్య. దించలేదు. రాయి మళ్ళీ విప్పించి, మళ్ళీ కడిగించాను. రోజూ తెల్లారగానే మా ఇంటి బియ్యం గుప్పెడు పోసి, వచ్చిన పిండి గుమ్మంలో నిలబడి, గల్లీ చూస్తుండగా నోట్లో వేసుకునేదాన్ని. కొందరు నవ్వారు. ఒకరిద్దరు వచ్చారు.

పదకొండో రోజు రమాబాయి వచ్చింది. వెనక నలుగురు ఆడవాళ్ళు దూరంగా ఆగారు. నేను మా బియ్యం పోసి, పిండి చేతిలోకి తీసుకుని నోటి దాకా తెచ్చాను.

"నువ్వు గాదు. మీ ఆయన తినాలె," అంది రమాబాయి.

ఎల్లప్ప బిక్కచచ్చిపోయాడు. పిండి చేతిలోకి తీసుకుని నోట్లో వేసుకున్నాడు. ఎదురుగా బీరయ్య కూడా బెల్టు ఆపేశాడు. ఎల్లప్ప నమిలాడు, మింగాడు. దగ్గలేదు, కళ్ళలో నీళ్ళు రాలేదు.

రమాబాయి డబ్బా రాయి పక్కన పెట్టింది. "పట్టు," అంది.

ఎల్లప్ప మాత్రం నన్నే చూస్తున్నాడు.

"వాళ్ళు చూసిండ్రు, సరే," అన్నాడు మెల్లగా. "నువ్వు గూడ నమ్మకుంట గట్లనే చూస్తున్నవేందే?"

నేను రమాబాయి డబ్బా ఎత్తి బియ్యం పోశాను.