కాళ్ళ దగ్గర చోటు

చలపతిరావు కంప్యూటరు తెర మీద ఆఖరి పాయింటు కొట్టి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, మళ్ళీ మొదటి పాయింటు నుంచి సరిచూసుకోవడం మొదలెట్టాడు. ఒకసారి చూసింది రెండోసారి చూడందే ఆయన మనసు ఊరుకోదు. మౌసు పట్టే చెయ్యి మణికట్టు దగ్గర కాయ కాసింది. బందరులోని ఈ ప్రైవేటు సర్వే ఆఫీసులో ముందు బల్ల మీద స్కేలుతో, తర్వాత కంప్యూటరుతో, ఎందరి పొలాలో పంచాడు. ఒకే బస్సులో వచ్చిన అన్నదమ్ములు విడివిడిగా మెట్లు దిగడం ఎన్నోసార్లు చూశాడు.

ఇవాళ వచ్చింది దివిసీమ వాళ్ళు. ఏడుకొండలు, అతని తమ్ముడు బాలాజీ, వాళ్ళ తల్లి మాణిక్యం. పొలంలో కొలిచిన పాయింట్లన్నీ తెర మీద చుక్కలై ఉన్నాయి. వాటాలు సమంగా రావాలంటే గీత నిలువునా పోవాలి. పోయింది. సరిగ్గా వాళ్ళ నాన్న సమాధి మీంచి పోయింది.

"సమాధి నా వైపుకి వచ్చేలా గీత జరపండి మాస్టారూ," అన్నాడు ఏడుకొండలు.

"బతికున్నప్పుడు నెల్లాళ్ళు ఉంచుకోలేదు. ఇప్పుడు నీకే కావాలా అన్నయ్యా?" అన్నాడు బాలాజీ.

"మీ ఆవిడ పెట్టిందిలే, నేతి ముద్దలు!"

మాణిక్యం ఇద్దరి వంకా చూడలేదు. చిన్న మనిషి. తెర మీదికి వంగి, "ఎవరికిచ్చినా అక్కడ దీపం పెట్టుకోడానికి ఓ కోడల్ని అడగాలి బాబూ. ఎవర్నీ అడక్కుండా వెళ్ళేలా కుదరదా?" అంది.

చలపతిరావు సమాధి నాలుగు మూలల నుంచీ మూడేసి అడుగులు ఎడం వదిలాడు. గీత సమాధి దాకా వచ్చి, రెండుగా చీలి, దాటాక మళ్ళీ కలిసింది. ఏటి మధ్య లంకలా ఓ చిన్న ముక్క మిగిలింది.

"ఇది ఇద్దరిదీనూ. గట్టు మీంచి దారి. కాయితంలో రాస్తాం."

అన్నదమ్ములు తెర వంక చూశారు. ఇద్దరికీ సమంగానే తగ్గింది కాబట్టి సరేనన్నారు.

"ఇందులో నాక్కూడా చోటుంటుందా బాబూ?" అంది మాణిక్యం. "పక్కన వద్దు. అటు బోరు, ఇటు బోదె కాలవ. ఆయన కాళ్ళ దగ్గరైతే పిల్లల మడి చెడదు."

"ఏం మాటలే అమ్మా అవి," అన్నాడు బాలాజీ.

ఎంత పొడవు వదలాలో ఆవిణ్ణి ఎలా అడగడం? చలపతిరావు కంటితోనే కొలిచి సమాధి కాళ్ళ వైపు అంచుని కిందికి జరిపాడు. చాలదేమోనని ఇంకాస్త జరిపాడు. తన భార్య ఆండాళ్ అస్థికలు హంసలదీవి సంగమంలో తనే కలిపి వచ్చాడు. తను వెళ్ళి నిలబడ్డానికి ఆవిడ పేరున ఒక చుక్కైనా లేదు.

"మా సర్వేయరు సారు మొవ్వ వెళ్ళారు. సంతకం అయ్యాక రేపు పట్టుకెళ్ళండి," అన్నాడు.

మాణిక్యంతోపాటు ఆయనా లేచాడు. ఆవిడ పక్కన నిలబడి, "వస్తా బాబూ," అంది. మెట్ల మీద చెరో చెయ్యీ కొడుకులు పట్టుకున్నారు.

మధ్యాహ్నం చలపతిరావు పెరుగన్నం తిన్నాడు. గుడ్లవల్లేరు వాళ్ళ ఇంటి స్థలానికి హద్దులు గీశాడు. కంప్యూటరు ఆపి తలుపుకి తాళం వెయ్యబోతుంటే ఫోను మోగింది. బాలాజీ.

"మాస్టారూ, అమ్మ బస్సులో అన్నయ్య భుజం మీద నిద్రపోయిందండి. పులిగడ్డ దాటాక లేపితే లేవలేదు." వెనక ఏడుపులు వినపడుతున్నాయి. "పొద్దున్నే తవ్వించాలి. బోరు నుంచి ఎంతలో మొదలెట్టాలో చెప్తారా? అన్నయ్య రాసుకుంటాడు."

చలపతిరావు మళ్ళీ కంప్యూటరు పెట్టాడు. దూరాలు చదివాడు. రెండోసారీ చదివాడు. అవతల ఏడుకొండలు ఒక్కో అంకే తిరిగి చెప్పాడు.

ఫోను పెట్టేసి, మాణిక్యం కూర్చున్న కుర్చీ సర్దబోతే దాని కింద నులకతాడు చుట్ట కనిపించింది. విప్పాడు. రెండు కొసలకీ ముడులున్నాయి. ఒక ముడిని కాలితో తొక్కిపట్టి రెండోది పైకి లాగాడు. ఆయన భుజం దాకా వచ్చింది. వెళ్తూ పక్కన నిలబడినప్పుడు ఆవిడ తల అక్కడిదాకే వచ్చింది.

ఆవిడ తన కొలత తెచ్చుకుంది.

ఆయన తాడుని చుట్టకుండా బల్ల మీద నిలువునా పరిచాడు. బల్ల చాలక ఒక ముడి అంచు మీంచి కిందికి వేలాడుతోంది.