ఇరవై ఆడ ఎలుకలు

"చేతులు సరిగ్గా కడుక్కున్నావా?"

బ్లూలైన్ సిటీ బస్సు దిగి, ఆర్.కె. పురంలో మా గవర్నమెంటు క్వార్టర్ గడప దాటగానే మా ఆయన సదాశివరావు అడిగే మొదటి మాట అదే. నాలుగేళ్లుగా అదే. ల్యాబ్‌లో రెండుసార్లు, ఇంటికొచ్చాక ఒకసారి కడుక్కుంటానని తెలుసు. అయినా పేపర్లోంచి తల ఎత్తకుండా అడుగుతారు. ఎలుకల్ని పట్టుకున్న చేతులంటే అంత రోత, ఆ చేతులే కలిపిచ్చే టీకి మాత్రం చెయ్యి చాపేస్తారు. తిన్నావా అని ఆయన అడిగిన రోజు ఒక్కటైనా గుర్తొస్తుందేమోనని బస్సులో చాలాసార్లు వెతుక్కున్నాను.

పీహెచ్‌డీలో నా పని ఎలుకలకి జింక్ ఆక్సైడ్ నానో కణాలు పట్టించడం. క్రీముల్లో వాడే తెల్ల పొడే, కంటికి ఆననంత సన్నగా చేసింది. గొట్టంతో నేరుగా కడుపులోకి, ఇరవై ఎనిమిది రోజులు, ఆదివారాలు కూడా. ఆదివారం పొద్దున్నే నేను బయల్దేరుతుంటే మా అత్తగారు హైమవతి ఫోన్లో కొడుకుని ఓదార్చేవారు, ఎలుకలకున్న యోగం నీకు లేదురా అని. ఆయన స్పీకర్ పెట్టి మరీ నాకు వినిపించేవారు.

మా ల్యాబ్‌లో ఎప్పుడూ మగ ఎలుకల మీదే ప్రయోగాలు. ఎందుకని అడిగితే, అదంతే అన్నారు. ఈసారి అనుమతి దరఖాస్తులో ఇరవై మగవి, ఇరవై ఆడవి అని రాశాను. మా గైడు గోవిందరాజులుగారు చదవకుండా సంతకం పెట్టారు. పంతొమ్మిదో రోజుకి, తక్కువ మోతాదు ఇచ్చిన ఆడవి కూడా తిండి మానేశాయి. బొచ్చు రేగిపోయింది, తూకం పడిపోయింది. అదే మోతాదుకి మగవి హాయిగా తిని తిరుగుతున్నాయి. చివర్లో కోసి చూస్తే ఆడవాటి కాలేయాలు దెబ్బతిని ఉన్నాయి. ఇది మా ల్యాబ్‌లో ఎవరూ చూడలేదు, నేను చూశాను. ఆ రోజు నడిచొచ్చానో ఎగిరొచ్చానో తెలీదు.

గోవిందరాజులుగారు థీసిస్ డ్రాఫ్టు తిరగేసి, ఆడవాటి టేబుల్ మీద అడ్డంగా గీత కొట్టారు.

"ఎందుకమ్మా ఇంద్రాణీ ఈ తలనొప్పి? ఆడవాటికి నాలుగు రోజులకోసారి హార్మోన్లు మారిపోతాయి, డేటా పాడైపోద్ది. మగవాటితో నీట్‌గా ఉంది, టేబుల్ కూడా పొట్టిగా ఉంటది. సోమవారం తీసేసి పట్రా, సంతకం పెట్టేస్తా."

పొడి పట్టించని ఆడవాటికీ హార్మోన్లున్నాయి, వాటి కాలేయాలు శుభ్రంగానే ఉన్నాయి కదా సార్ అన్నాను. ఆయన వాచీ చూసుకున్నారు.

ఆ సంతకం లేకపోతే నాలుగేళ్ల చదువు గంగలో కలిసినట్టే. ఇంట్లో చెప్పాను.

"ఆయన చెప్పినట్టు చేస్తే నీ సొమ్మేం పోయింది? ఎలుకలొచ్చి నిన్ను నిలదీస్తాయా?" అన్నారు మా ఆయన. నేను స్టవ్ వైపు తిరిగేసరికి, "డేట్ దగ్గర పడిందా ఏంటి, అలా ఉన్నావు?" అని నవ్వారు.

స్టవ్ మీద పోపు మాడిపోయింది. పోయిన చలికాలం నీరసంగా ఉందని డిస్పెన్సరీకి వెళ్తే, డాక్టరు కనీసం నా నాడి కూడా చూడకుండా, లేడీస్‌కి ఇది మామూలే బెహెన్‌జీ అన్నాడు. మా ఆయన కూడా హార్మోన్లే అన్నారు. రెండు నెలల తర్వాత బయట పరీక్ష చేయించుకుంటే ఒంట్లో రక్తం ఏడు గ్రాములే ఉందని తేలింది. సోమవారం లోపున్న ఆ శని, ఆదివారాలు ఒకచోట కూర్చోలేకపోయాను. ఉతికిన బట్టలే మళ్లీ ఉతికాను. గొట్టం వెయ్యడానికి మెడ పట్టుకున్నప్పుడు ఆ ఆడ ఎలుకల గుండె దడదడా కొట్టుకోవడం నా వేళ్లకి ఇంకా తెలుస్తోంది. ఆ ఇరవై ప్రాణాలూ తీసింది నేనే. ఇప్పుడు అవసలు పుట్టనే లేదని రాయమంటున్నారు.

సోమవారం కొత్త ప్రింటు పట్టుకెళ్లాను. ఫలితాల్లో మొదటి టేబుల్ ఆడవాటిది. గోవిందరాజులుగారు పెన్ను క్యాప్ తీసి, పేజీ తిప్పి ఆగిపోయారు.

"తీసెయ్యమన్నాను కదమ్మా."

ఆ టేబుల్ మీద వేలు పెట్టి అన్నాను.

"టేబుల్ మరీ పొడుగైందనుకుంటే, మగవాటిని తీసేద్దాం సార్."