పావు మిల్లీగ్రాము

"కోటు ఇస్త్రీ చేసుకుని పదకొండింటికల్లా షాపుకి రా. ఇన్‌స్పెక్టర్ బయల్దేరాడంట" అని ప్రవీణ్ ఫోన్ చేసేసరికి వాసంతి గోంగూర వలుస్తోంది. వీలవుతుందా అని కాదు, వస్తావా అని కాదు. రా. అంతే. ఆమె చేతులు కడుక్కుని బీరువా అడుగునుంచి తెల్లకోటు తీసింది. సత్తెనపల్లి బస్టాండు దగ్గరున్న మందుల షాపు ఆమె మొగుడు ప్రవీణ్‌ది. షాపు గోడకి అద్దాల ఫ్రేములో వేలాడే బీఫార్మసీ సర్టిఫికెట్ మాత్రం ఆమెది. ఆ కాగితం లేకపోతే షట్టర్ ఎత్తడానికి లేదు. కాగితం రోజూ షాపులో ఉంటుంది, చదివి దాన్ని సంపాదించుకున్న మనిషి వంటింట్లో ఉంటుంది. తనిఖీ రోజున మాత్రం మనిషిని కూడా తెచ్చి కాగితం కింద కూర్చోబెడతారు. ఇన్‌స్పెక్టర్ కారు మలుపు తిరగ్గానే ఆటో ఎక్కించి ఇంటికి పంపేస్తారు.

"ఈ గోంగూర ఎవరు చేస్తారమ్మాయ్?" అంది అత్తగారు శేషమ్మ.

"మీరు చెయ్యండి అత్తయ్యా."

శేషమ్మ బుగ్గలు నొక్కుకుంది. "మూణ్ణెల్ల నుంచి చూస్తన్నా, చానా మాటలొస్తన్నయ్ నీకు. ఆ బిళ్ళ తగ్గించిన కాడ్నుంచే ఈ తిక్క. మళ్ళీ నిండుగా ఏసుకోవే తల్లీ, ఇల్లు చల్లగుంటది."

ఇల్లు చల్లగా ఉండటానికి ఆ బిళ్ళ ఆరేళ్ళ కిందట ఈ ఇంట్లోకి వచ్చింది. కూతురు యశస్విని బళ్ళో చేరగానే, ఇక నేను కౌంటర్లో కూర్చుంటానంది వాసంతి. "అమ్మనెవరు చూస్తారు? అక్కడ తాగుబోతులొస్తారు, నువ్వేం తట్టుకుంటావు" అన్నాడు ప్రవీణ్. నెల రోజులు పోట్లాడింది. పోట్లాడి పోట్లాడి గుండెదడ తెచ్చుకుంది. అప్పుడు అతనే షాపునుంచి నిద్ర బిళ్ళలు తెచ్చి, నాలుగు రోజులు వేసుకో నెమ్మదిస్తావు అన్నాడు. నెమ్మదించింది. కౌంటర్ మాట మళ్ళీ ఎత్తనంత నెమ్మదించింది. నాలుగు రోజులు ఆరేళ్ళయ్యాయి, ఏ డాక్టరూ రాయని బిళ్ళ ఒకటి రెండయింది. ఆ మందు నాలుగు వారాలు దాటకూడదని కాలేజీ పుస్తకంలో ఎర్ర పెన్నుతో గీత గీసుకున్నది ఈ వాసంతే. తల్చుకుంటే సిగ్గు, సిగ్గు వెనకే మంట.

మూణ్ణెల్ల కిందట ఒకరోజు ఆ మత్తులో బడి దగ్గర్నుంచి పిల్లని తీసుకురావడం మర్చిపోయి, సాయంత్రం అయిదింటికి పొయ్యి ముందు నిలబడి ఉంది. ఆ మర్నాడే బస్సెక్కి నరసరావుపేటలో డాక్టర్ షెర్లీ దగ్గరికి వెళ్ళింది. ఒక్కసారిగా మానితే ప్రమాదం, మెల్లగా దిగుదాం అందావిడ. రాత్రికి రెండు అర మిల్లీగ్రాము బిళ్ళలు కదా, ఒకటి అలాగే ఉంచి రెండోదాని బదులు పావు మిల్లీగ్రాముది రాసింది. దడ వస్తే దాన్నుంచి పారిపోవద్దని, పాదాలు నేలకి ఆనించి ఊపిరి మెల్లగా వదిలితే వచ్చిన దడ పోతుందని చెప్పింది. అలాగే చేసింది వాసంతి. కుక్కర్ మూడో కూత మధ్యలో చేసింది, బట్టలు ఆరేస్తూ చేసింది, అత్తగారు తిడుతుంటే తలుపుకి ఆనుకుని చేసింది. దడ వచ్చేది, పోయేది. పోయినప్పుడల్లా క్యాలెండర్ మీద చుక్క పెట్టుకునేది. పావు మిల్లీగ్రాము బిళ్ళలు ప్రవీణే షాపునుంచి వారానికోసారి కత్తిరించి తెచ్చేవాడు. మందు పేరు, మోతాదు ఉన్న వైపు షాపులో మిగిలిపోతుంది కాబట్టి ఆమె చేతికి వచ్చేది ఉత్త వెండి ముక్క. బిళ్ళ అంత చిన్నగా లేదేమంటే కంపెనీ మారింది అన్నాడు, సరే అంది.

కానీ ఈ మూడు నెలల్లో ఆమె ఏం మాట్లాడినా అది ఆమె మాట కాకుండా పోయింది. నా ఏటీఎం కార్డు నాకివ్వు అంటే డోసు తగ్గిన ప్రభావం. చుట్టాలకి నాలుగోసారి టీ పెట్టనంటే, "మందు తగ్గిస్తన్నాం, ఏమీ అనుకోబాకండి" అని వాళ్ళతో నవ్వాడు ప్రవీణ్. తగ్గిస్తన్నాం! దడ ఆమెది, చెమట ఆమెది, తగ్గించేది మాత్రం ఇద్దరూ. అన్నిటికన్నా ఘోరం, ఆమే నమ్మడం మొదలుపెట్టింది. రాత్రుళ్ళు పడుకుని, ఈ కోపం నాదా, మందుదా అని తనని తనే అనుమానించుకుంది.

షాపులో కోటు తొడుక్కుని ఫ్రేము కింద కూర్చుంది. ప్రవీణ్ బిల్లులు సర్దుతున్నాడు. చీటీ ఉంటేనే ఇవ్వాల్సిన మందుల సొరుగు సరిగ్గా ఉందో లేదో చూద్దామని లాగింది. పావు మిల్లీగ్రాముల డబ్బా కనిపించింది. మూణ్ణెల్ల కిందట ప్రవీణ్ ఆమె ఎదుటే ఫోన్ చేసి తెప్పించిన డబ్బా. దానికి వేసిన టేపు వేసినట్టే ఉంది.

పక్కనే సగం వాడిన స్ట్రిప్పు. అంచు వంకరగా కత్తిరించి ఉంది. వాసంతి పర్సులోంచి, పావు మిల్లీగ్రాముదని నిన్న అతనిచ్చిన వెండి ముక్క తీసి దాని పక్కన పెట్టింది. వంకరకి వంకర సరిగ్గా అతుక్కుంది. స్ట్రిప్పు మీద అచ్చులో స్పష్టంగా ఉంది, 0.5.

"ఇదేంది?"

ప్రవీణ్ చూశాడు. మొహం మారిందిగానీ గొంతు మారలేదు. "డాక్టర్లకేం, రాసేస్తారు. ఇంట్లో పడేది మేము. నువ్వు తట్టుకోలేవనే ఇచ్చా. తగ్గిందనుకుంటేనే ఇంత ఆడుతున్నావే, నిజంగా తగ్గిస్తే ఆగుతావా?"

దడ వచ్చింది. పాదాలు నేలకి ఆనించింది, ఊపిరి వదిలింది, దడ పోయింది. కోపం పోలేదు. పోకపోవడం చూసి ఆమెకి ఒక్కసారిగా అర్థమైంది. మందు తగ్గలేదు. మూడు నెలలూ రెండు అరలూ నిండుగా కడుపులో ఉండగానే కార్డు అడిగింది, టీ పెట్టనంది. ఆ మాటలన్నీ తనవే. ఈ మనిషికి ఆ సంగతి మొదట్నుంచీ తెలుసు, తెలిసే చుట్టాల ముందు నవ్వాడు. రేపు పొద్దున్నే నరసరావుపేట వెళ్ళాలి, జరిగింది డాక్టరుకి చెప్పి మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టాలి, బిళ్ళలు ఆ ఊళ్ళోనే, కత్తిరించని స్ట్రిప్పుగా కొనుక్కోవాలి.

బయట కారు ఆగింది. "కోటు సర్దుకో, నవ్వు మొహం పెట్టు" అన్నాడు ప్రవీణ్ పళ్ళ బిగువున.

ఇన్‌స్పెక్టర్ లోపలికి వచ్చి ఫ్రేములో సర్టిఫికెట్ మీదున్న ఫోటో చూశాడు, ఆమెని చూశాడు. "ఫార్మసిస్టు మీరేనా అమ్మా? రోజూ మీరే ఉంటారా?"

"ఆమేనండీ, రోజూ..." అన్నాడు ప్రవీణ్.

"సర్టిఫికెట్ నాదే సార్. ఆరేళ్ళలో నేనీ కుర్చీలో కూర్చోవడం ఇది నాలుగోసారి. రాసుకోండి."

ప్రవీణ్ ఇన్‌స్పెక్టర్ చెవి దగ్గరికి వంగాడు. "ఏమనుకోబాకండి సార్, నిద్ర మందు తగ్గిస్తన్నాం. మనిషి మనిషిలో లేదు."

వాసంతి రెండు ముక్కలూ అద్దం మీద పక్కపక్కన పెట్టి, అంచుకి అంచు కలిపి, అంకె కనబడేటట్టు ఇన్‌స్పెక్టర్ వైపు జరిపింది.

"తగ్గలేదు సార్. ఈ మాట నిండు డోసు మీదే చెప్తున్నా."