పోశి అడిగే తీరు

పోశి కరిచిన చోట పసుపు అద్దుకుంటూ చంద్రవ్వ గోడ వైపు చూసింది. గోడకు అవతల ఇంటి యజమాని ఖండప్ప కోడలు పసిగుడ్డును జోకొడుతోంది. ఇవతల నాలుగేళ్ల పోశి నేలకు తల బాదుకుంటూ అరుస్తోంది. చిద్రిలో ఖండప్ప ఇంటి వెనక భాగంలో ఉన్న ఆ ఒక్క గదిలోనే వంట, పడక, పోరు అన్నీ. చంద్రవ్వ, ఆమె భర్త అంబాదాస్, అత్త తాయవ్వ, మధ్యన కూతురు పోశి. మైసూరు పేరు పోయి కర్ణాటక అయిన మరుసటి ఏడు అది. పేరు మారిన సంగతి కూడా ఆ గదిలోకి ఆలస్యంగానే వచ్చింది.

పోశికి మాట రాలేదు. చెంబు జరిపినా, తలుపు మూసినా, ఒక్కోసారి ఎవరూ ఏమీ చేయకపోయినా అరుపు ఎత్తుకునేది. ఆ తర్వాత తల బాదుకునేది. చివరికి అందిన చెయ్యి కొరికేది. అప్పుడు ఇంట్లోవాళ్లు లేచి బెల్లం ముక్క పెట్టేవాళ్లు, నీళ్లు తాగించేవాళ్లు, తలుపు తీసేవాళ్లు. ఏదో ఒకటి కుదిరి పిల్ల ఊరుకునేది.

ఆ సాయంత్రం ఖండప్ప గడప దగ్గర నిలబడ్డాడు. కోపంగా లేడు. అదే చంద్రవ్వను ఎక్కువ భయపెట్టింది.

"అంబాదాసూ, ఎన్నడన్న మిమ్మల్ని ఒక మాట అన్ననా? పసిపిల్లగాడు ఉలిక్కిపడి పాలు తాగుతలేడు. మా కోడలు ఏడుస్తాంది. మనుమని తొట్లె పండుగ చేసుకునే లోపల పిల్లనన్న ఊకోబెట్టు, ఇల్లన్న చూసుకో."

ధాన్యం గంజ్‌లో పొద్దంతా బస్తాలు మోసి వచ్చిన అంబాదాస్ తల వంచుకుని "అట్లనే మామా" అన్నాడు.

ఖండప్ప పోగానే తాయవ్వ అందుకుంది. "నేను ఎప్పటి సంది మొత్తుకుంటున్న. వాతలు పెట్టిపియ్యాలె. చిన్నప్పుడు వీడు కండ్లు తేలేస్తే మా అవ్వ పెట్టిపిచ్చింది. బతికిండా లేదా?"

అంబాదాస్ చెయ్యి అంగీ మీంచే పొట్ట మీదికి పోయింది. అక్కడి మచ్చలు చంద్రవ్వకు తెలుసు. పెళ్లయిన కొత్తలో అవేమిటని అడిగితే అతను అటు తిరిగి పడుకున్నాడు.

"వాతలొద్దు. దవాఖానకు పోదాం" అన్నాడు.

దవాఖానలో డాక్టరు పోశి కళ్లు, చెవులు చూశాడు. కన్నడంలో నిదానంగా చెప్పాడు. ఇది జబ్బు తీసే మందు కాదు, నెమ్మదిగా ఉంచే మందు; ముందు ఇది వాడి చూడండి, మళ్లీ తీసుకురండి అన్నాడు. ఎర్రటి మందు సీసా ఇచ్చారు.

మందు పనిచేసింది. పోశి కూర్చోబెట్టిన చోట కూర్చుంది, పడుకోబెడితే పడుకుంది. ఖండప్ప భార్య గిన్నెలో పాయసం పంపింది. చంద్రవ్వ చాలా రోజుల తర్వాత తల దువ్వుకుంది, అన్నం కూర్చుని తిన్నది. ఆ సుఖానికి ఆమెకే సిగ్గేసింది. ఎందుకంటే పోశి పెదవి పక్క నుంచి చొంగ కారుతోంది. ముఖం మీద ఈగ వాలినా తోలుకోవడం లేదు. ఒకసారి చంద్రవ్వ తన చెయ్యి తీసుకెళ్లి పిల్ల పళ్ల మధ్య పెట్టింది. పోశి కొరకలేదు. ఆ చెయ్యి ఎవరిదో తెలిసినట్టు కూడా లేదు.

మందు అయిపోయాక మళ్లీ పోయినప్పుడు డాక్టరు పిల్లను చూసి, మోతాదు తగ్గిద్దామన్నాడు. ఇలాంటి పిల్లలతో పనిచేసే నర్సు సారమ్మ దగ్గరకు పంపాడు. సారమ్మ పోశిని ఒడిలోకి తీసుకోలేదు. దూరంగా చాప మీద కూర్చుని చూసింది.

"కొరికినప్పుడు మీరు ఏం జేస్తరు?"

"ఏదడిగితే అది ఇస్తం అక్కా."

"అడిగిందా మరి?"

చంద్రవ్వ తన చేతి మీది పంటి గాట్లు చూసుకుంది.

"అడుగుడు రాదు గదా, కొరికితే మీరు లేస్తరని నేర్చుకుంది. ఆమె తప్పు గాదు, మీ తప్పు గాదు. ఇప్పటి సంది అరిస్తే ఇయ్యకుండ్రి. తల బాదుకుంటే కింద బొంత పెట్టుండ్రి, మాట్లాడకుండ్రి. చేతితోని చూపిచ్చినా, మీ చెయ్యి పట్టినా ఆ నిమిషమే ఇయ్యుండ్రి. ఇంట్ల అందరు ఒక్క తీరుగ ఉండాలె. మొదట్ల ఇంక ఎక్కువ అరుస్తది. నడుమ ఒక్కలు లొంగినా, మునుపటికంటె ఎక్కువైతది."

"ఒక్కటే అర్ర అక్కా. గోడకవతల పసిపిల్లగాడున్నడు. ఎక్కువ అరిస్తే మమ్మల్ని ఎల్లగొడ్తరు."

"దానికి నా దగ్గర మందు లేదమ్మా" అన్నది సారమ్మ.

ఇంటికి వచ్చి చెబితే తాయవ్వ నవ్వింది. "పిల్ల ఏడుస్తుంటే కూసోని చూడాల్నట! గదేం వైద్యమే?"

"మందే మంచిగుండె గదనే" అన్నాడు అంబాదాస్. "ఊకున్నది. ఇల్లు నిలబడ్డది."

"ఊకోలేదయ్యా. పిల్లనే లేదు ఆడ. నువ్వు పొద్దుగూకినంక వస్తవు, నీకు నిద్రపోయిన బిడ్డ కనవడ్డది. నేను పొద్దంత చూసిన."

అతను వాదించలేదు. ఒప్పుకోనూ లేదు. "తొట్లె దాక చూడు. అప్పటికి గాకుంటే మా అవ్వ చెప్పినట్టు చేస్తం" అని బయటికి వెళ్లిపోయాడు. వాతల మాట అతని నోటి నుంచి విని చంద్రవ్వ పిల్లను దగ్గరికి లాక్కుంది.

మందు తగ్గేకొద్దీ పోశి తిరిగి వచ్చింది. అరుపూ వచ్చింది. చంద్రవ్వ బొంత పరిచి పక్కన కూర్చునేది. పళ్లు బిగించి గోడ మీది పగులు చూసేది. పిల్ల చెయ్యి కాస్త ముందుకు వస్తే చాలు, చెంబు అందించేది. కానీ అరుపు తగ్గకపోగా పెరుగుతోంది. ఎందుకో ఒక మధ్యాహ్నం తెలిసింది. బిందెతో లోపలికి వచ్చేసరికి తాయవ్వ పోశి నోట్లో బెల్లం కుక్కుతోంది.

"చూడలేకపోతున్ననే" అన్నది తాయవ్వ. ఆమె కళ్లలో నీళ్లున్నాయి. చంద్రవ్వ తిట్టబోయి, బిందె కిందికి దించింది.

తొట్లె ముందు రోజు ఖండప్ప ఇంటి నిండా చుట్టాలు. పోశి బెల్లం డబ్బా వైపు చూస్తూ అరుపు ఎత్తుకుంది. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. అవతల పసివాడు లేచి ఏడ్చాడు. తలుపు మీద దబదబా బాదారు.

"అంబాదాసూ! ఏ, తియ్యి తలుపు!"

అంబాదాస్ ఇంట్లో లేడు. చంద్రవ్వ గడియ పెట్టి తలుపుకు వీపు ఆనించి కూర్చుంది. వెనక తలుపు అదురుతోంది. ముందర పిల్ల తల బాదుకుంటోంది. తాయవ్వ లేచి డబ్బా అందుకుంది. చంద్రవ్వ ఒక్క అంగలో పోయి అత్త మణికట్టు పట్టుకుంది. కాపురానికి వచ్చినప్పటి నుంచి అత్త మీద చెయ్యి వేయడం అదే మొదలు.

"వద్దత్తా. నీ కాళ్లు మొక్కుత. ఇప్పుడిస్తే బిడ్డకు వాతలే మిగుల్తయి."

"ఇడువే! ఊరంత మన ఇంటి ముందలనే ఉన్నది!"

"ఉండనియ్యి."

పోశి వచ్చి చంద్రవ్వ పిక్క మీద కొరికింది. చంద్రవ్వ కదల్లేదు, అరవలేదు. కాసేపటికి పళ్లు వదులయ్యాయి. పిల్ల ఎక్కిళ్లు పెడుతూ నిలబడింది. తర్వాత తల్లి చెయ్యి పట్టుకుని, దాన్ని ఒక వస్తువులాగా ఎత్తి, డబ్బా మీద పెట్టింది.

చంద్రవ్వ అప్పుడే మూత తీసింది. తొందరలో బెల్లం కింద పడింది. తాయవ్వ వంగి, ముక్క తీసి, కొంగుతో తుడిచి ఇచ్చింది.

తలుపు తీస్తే ఖండప్ప ముఖం కందిపోయి ఉంది. "నెల నిండంగనే పోవాలె" అన్నాడు. చంద్రవ్వ జరిగింది చెప్పబోయింది. చుట్టాలందరి మధ్య, పిల్ల తన చెయ్యి పట్టుకుని డబ్బా మీద పెట్టిందని చెబితే ఎవరికి అర్థమవుతుందని ఊరుకుంది.

చిద్రిలో మరెవ్వరూ ఇల్లు ఇవ్వలేదు. పోశి పేరు వాళ్లకంటే ముందే గడపలన్నీ తిరిగింది. చివరికి ఊరి బయట, ఎర్రరాయి కొట్టే గనుల పక్కన, రాళ్లు పేర్చి రేకులు కప్పిన గది దొరికింది. ఎంత అరిచినా వినేవాళ్లు లేరు. పిలిచినా పలికేవాళ్లూ లేరు. బావి దూరం. అంబాదాస్ ఇంకా పొద్దుపోయి వచ్చేవాడు. వాతల మాట మళ్లీ ఎత్తలేదు, కానీ చంద్రవ్వతో మాటలూ తగ్గించాడు.

చలికాలం వచ్చేసరికి పోశి చెయ్యి పట్టి నీళ్లు అడిగేది, బెల్లం అడిగేది, బయటికి అడిగేది. అయినా కొరికేది, కాకపోతే తక్కువ. మాట రాలేదు. ఏ పట్టు దేనికో చంద్రవ్వకు ఒక్కదానికే తెలుసు కనుక, పిల్లను వదిలి ఎక్కడికీ కదలలేకపోయింది. తమ్ముడి పెళ్లికి పుట్టిల్లు కుశనూర్‌కు కూడా పోలేదు. బావికి పోయినా పోశిని చంకలో వేసుకునే పోయేది.

ఒక పొద్దున బిందె తీస్తుంటే తాయవ్వ అడ్డం వచ్చింది.

"పిల్లను ఈడనే ఇడువు. బొటనేలు పడితే ఏందో జర చెప్పు."

"నీళ్లత్తా. చెయ్యంత పడితే బయటికి. అరిస్తే మాత్రం..."

"ఎరుకే. నాకు చెవులున్నయి. పో."

చంద్రవ్వ ఒంటరిగా బావికి పోయింది. నడుము మీద పిల్ల బరువు లేక నడక వంకర పోతున్నట్టనిపించింది. చేద వేసిందో లేదో గది వైపు నుంచి అరుపు వినిపించింది. కాళ్లు వాటంతటవే తిరిగాయి. ఆమె చేంతాడును రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. అత్త లొంగుతుందో, పిల్ల లొంగుతుందో ఇక్కడి నుంచి తెలియదు. నీళ్లు చేదింది, బిందెలో పోసింది, మళ్లీ చేద వదిలింది. బిందె నిండేసరికీ అరుపు ఆగలేదు; అంటే అత్త ఇంకా లొంగలేదు. నిండిన బిందె నెత్తికెత్తుకుని, పరుగెత్తకుండా, గది వైపు నడిచింది.