ఆవిరి తగ్గని పాలు

ఇదీ ఒక తీపేనా, నిప్పు మొహం చూడని తీపి, కట్టెల సెగ మీద పాలతోపాటు మరిగి మరిగి ఎర్రబడితే కదా చక్కెరకు కాస్త బుద్ధి వచ్చేది, ఇది పచ్చిగా గొంతులోనే కూర్చుని దిగనంటోంది, గ్లాసు నిండా కలిపి ఇచ్చిన నర్సు మొత్తం తాగేయాలమ్మా, ఇక్కడే కూర్చోవాలి, రెండు గంటలయ్యాక నెత్తురు తీస్తాం, వాంతయితే మాత్రం వెంటనే చెప్పాలి, మళ్ళీ ఇంకోరోజు చేయాల్సి ఉంటుంది అని చెప్పి పోయింది, వాంతి అన్న మాట వినగానే బీథిక చూపు వసారా చివరనున్న మరుగుదొడ్డి తలుపు మీదకు పరుగెత్తింది, సగం తెరిచి ఉంది, లోపల ఎవరూ లేరు, చూపు వెనక్కి లాక్కుని చీరకొంగు కడుపు మీదకు సర్దుకుంది, ఆరో నెల, ఆ తీపి బిడ్డ దాకా వెళ్ళిందేమో లోపల ఒక్కసారి గట్టిగా కదిలింది, పక్కన కూర్చున్న మోమెనా, నేతపని వాళ్ళింటి పిల్ల, అదే నీళ్ళు తాగి అదే బల్ల మీద కూర్చున్న పిల్ల, దీదీ, మాటిమాటికీ ఆ తలుపు వైపు చూడకు, చూసేకొద్దీ కడుపులోంచి పైకి తోసుకొస్తుంది అని నవ్వింది, నాకేం తోసుకురావడం లేదు పిల్లా అంది బీథిక, అబద్ధం, తోసుకొస్తోంది, రానిద్దామా వద్దా అన్నదే తేలడం లేదు.

పొద్దున పడవ రేవు దాకా సాగనంపడానికి వచ్చి అత్తగారు సురబాల చెవిలో చెప్పింది కదా, అటూ ఇటూ చూసి మరీ చెప్పింది, బౌమా, కోడలుపిల్లా, ఆ నీళ్ళు తాగేసెయ్, వద్దనకు, తర్వాత మెల్లిగా లేచెళ్ళి గొంతులో వేలు పెట్టుకో, అంతా బయటికొచ్చేస్తుంది, నర్సుకేం చెప్పక్కర్లేదు, ఏమీ తేలదు, ఏమీ తేలకపోతే వచ్చే నెల సాధ్ సీమంతం చేసుకోవచ్చు, ఈతబెల్లం పాయసం నా చేత్తో తినిపిస్తాను, కడుపుతో ఉన్నదాని కోరిక తీరకపోతే పుట్టిన బిడ్డ చొంగ కారుస్తూనే ఉంటుంది, అయినా మిఠాయి కొట్టు కోడలికే చక్కెర జబ్బని నవద్వీపంలో తెలిస్తే మన కొట్టుకు ఈగలు తప్ప ఇంకెవరొస్తారు, అలా అంటూ తనే నవ్వబోయింది, నవ్వు రాలేదు, పడవ కదిలాక కూడా గట్టు మీదే నిలబడి ఉంది, తెల్లచీర, ఎండలో చెయ్యి అడ్డం పెట్టుకుని, ఈగల కోసం అంత భయపడతారా ఎవరైనా, ఆ ముఖంలో భయం కొట్టు గురించిన భయంలా లేదు, మరి దేనికో.

క్రితంసారి కడుపుతో ఉన్నప్పుడు ఈ గ్లాసూ లేదు, ఈ బల్లా లేదు, బజారు చక్కెర నీళ్ళు తాగి పరీక్షలేమిటి మన ఇంట్లో అని సురబాల అంటే అందరూ సరే అన్నారు, తనూ అంది, సాధ్ నాడు కొత్త చీర కట్టి పీట మీద కూర్చోబెట్టారు, చేప తలకాయ, అయిదు రకాల వేపుళ్ళు, ఆ తర్వాత పాయసం, చాలమ్మా అంటే నీకు కాదే, నా మనవడికి అంటూ సురబాల ఇంకో చెంచా, ఆడవాళ్ళు శుభమని ఉలు ఉలు అంటూ నాలుకలు ఆడించి శంఖం ఊదారు, కొట్టుకొచ్చిన ముసలాయన పొట్ట చూసి మీ కోడలు ఏనుగుపిల్లను కంటుందమ్మా అంటే సురబాల పొంగిపోయి ఆయనకు కొట్టులో అమ్మే తీపి పెరుగు ఒక ముంత ఊరికే ఇచ్చింది, బిడ్డ నిజంగానే పెద్దవాడు, బుగ్గలు నిండుగా, వేళ్ళు బొద్దుగా, అంత నిండైన బిడ్డ ఏడవకపోవడమేమిటని అడిగింది తను, భర్త తారక్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు, నిద్రపోతున్నాడేమో అనుకుంది, ఎంత వెర్రిది. ఒట్టి చేతులతో ఇంటికి వచ్చిన మర్నాడే పెరుగు తోడుకోలేదు, ఒక్క ముంత కూడా, పాలు పాలుగానే ఉండి నీళ్ళు తేలాయి, తారక్ ముత్తవ్వ నాటినుంచి రోజూ కొంచెం మిగిల్చి దాచుకుంటూ వచ్చిన తోడు, ఆ ఇంటి తోడు, ఒక్క రాత్రిలో చచ్చిపోయింది, పినమామగారింటినుంచి గుట్టుగా తోడు తెచ్చుకున్నారు, సురబాల మెల్లిగానే అంది, తిట్టలేదు, నీ చెయ్యి మంచిది కాదు బౌమా ఇప్పుడు, తోడు గిన్నె జోలికి రాకు, ఆ మాట మీద తను మళ్ళీ వంటింటి ఆ మూలకు పోలేదు, బిడ్డనూ తోడునూ రెంటినీ తన చెయ్యే తిన్నదని తనూ నమ్మింది, ఇప్పుడీ కడుపు మీద చెయ్యి వేసుకోవడానికి కూడా భయం, వేసి తీసేస్తుంది.

మొన్న కోల్‌కతానుంచి ఈ ఆసుపత్రికి పరిశోధన కోసం వచ్చిన లిపిక కూడా తోడు మాటే ఎత్తింది, వింత, కళ్ళజోడు పిల్ల, చిన్న డబ్బా చేతికిచ్చి ఇందులో మీ విరేచనం కొంచెం కావాలి దీదీ అంటే తనకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి, ఆ డబ్బాను తారక్ కొట్టులోని సందేశ్ మిఠాయి అట్టపెట్టెలో పెట్టి పడవలో తీసుకొచ్చాడు, పక్కన కూర్చున్న పెద్దమనిషి ఏం సందేశ్ బాబూ, ఈతబెల్లందా అని పెట్టె వంక ఆశగా చూశాడట, అది చెప్పి తారక్ నవ్వాడు, ఎన్నాళ్ళకో నవ్వాడు, దీన్ని ఏం చేసుకుంటావమ్మా అని తను అడిగితే లిపిక చెప్పింది, మీరు పెరుగు వాళ్ళు, మీకు తొందరగా తెలుస్తుంది, పాలల్లో ఉన్నట్టే మన పేగుల్లోనూ కంటికి కనబడని జీవాలు కోట్ల కొద్దీ ఉంటాయి, కడుపుతో ఉండి చక్కెర పెరిగిన తల్లుల్లో ఆ జీవాల పొందిక వేరుగా కనిపిస్తోంది, ఏది ముందో ఏది వెనకో ఇంకా పూర్తిగా తెలీదు, అదే చూస్తున్నాం, పుట్టేటప్పుడు బిడ్డకు మొదటి తోడు చాలావరకు తల్లి ఒంటినుంచే అందుతుంది, అయితే నా తోడు చెడ్డదైతే అని తను అడిగింది, చెడ్డదని ఎవరన్నారు దీదీ, అది బతికున్న వస్తువు, తిండి మారితే అదీ మారుతుంది, చక్కెర ఉందని ముందు తెలిస్తే తిండితోనో మందుతోనో అదుపులో పెట్టి బిడ్డను కాపాడుకోవచ్చు, తెలియకపోవడమే భయం, అయినా అది తిండి ఒక్కదానివల్లే వచ్చేది కాదు, ఎవరి తప్పూ కాదు, ఎవరి తప్పూ కాదు అని ఆ పిల్ల అంత తేలిగ్గా ఎలా అనేసిందో.

పైకి వచ్చేస్తోంది, నోట్లో నీళ్ళూరుతున్నాయి, లేచింది, మోమెనా ఏదో అంది, వినబడలేదు, మరుగుదొడ్డి తలుపు తోసి గోడ పట్టుకుని నిలబడింది, ఫినాయిల్ వాసన, ఒక్క వేలు చాలు, ఏమీ తేలదు, పీట, కొత్త చీర, శంఖం, కిటికీ అవతల ఆసుపత్రి టీ కొట్టువాడు పాలు పొంగించి దించాడు, గిన్నె మీద ఆవిరి దట్టంగా లేస్తోంది, ఆవిరి, బిడ్డ లేకుండా ఇంటికొచ్చిన ఆ రోజూ ఆవిరే, పక్కగదిలో నులక మంచం మీద పాలుకట్టిన రొమ్ములతో పడుకుని ఓరగా వేసిన తలుపులోంచి తను చూసింది, సురబాల పొయ్యి ముందు ఏడుస్తోంది, గోరువెచ్చగా అయ్యేదాకా రోజూ వేలు పెట్టి చూసే మనిషి ఆ రోజు వేలు పెట్టలేదు, ఆవిరి ముఖానికి కొడుతుండగానే గిన్నెలో ఉన్న తోడంతా ఆ పాలల్లో కుమ్మరించింది, అమ్మా, ఇంకా వేడిగా ఉంది అని చెప్పాలనుకుంది తను, నోరు పెగల్లేదు, తర్వాత తన చెయ్యే అన్నారు కదా, తన చెయ్యే అనుకుంది, చూసిన కళ్ళను నమ్మలేదు, తోడు వేడికి చచ్చిపోయింది, అది పెరుగు వాళ్ళింట్లో చిన్నపిల్లకైనా తెలుస్తుంది, సురబాలకు తెలియదా, తెలిసే ఉంటుంది, మరి ఆ నింద కోడలి చేతి మీద ఎందుకు పెట్టిందో, ఎందుకంటే బిడ్డనూ తోడునూ రెంటినీ ఆమె తన చేతుల మీద మోయలేక, తోడు పోసిన చెయ్యీ అదే, చెంచా చెంచాగా పాయసం తినిపించిన చెయ్యీ అదే, ఈ రోజు చక్కెర ఉందని తేలితే క్రితంసారీ చక్కెరే అయ్యుంటుందని తేలుతుంది, అప్పుడా చెంచాతో ఆమె ఎక్కడికి పోతుంది, రేవు గట్టు మీద ఎండలో ఆ భయం ఇదా, అయ్యో, ఇదా.

బీథిక గట్టిగా మింగింది, ఇంకోసారి మింగింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కొంగుతో మూతి తుడుచుకుని వచ్చి బల్ల మీద తన చోట్లో కూర్చుంది, కక్కేశావా దీదీ అని మోమెనా గుసగుసగా అడిగితే లేదు, లోపలే ఉంది అంది, ఇంటికి వెళ్ళగానే ఆ ఆవిరి మాట చెప్పాలి, నిలదీయడానికి కాదు, పక్కన కూర్చుని, ఆమె చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని, నేను చూశానమ్మా, నా చెయ్యి కాదు, నీ చెయ్యీ కాదు, నీకూ తెలీదు నాకూ తెలీదు, ఈసారి మాత్రం తెలుసుకుందాం అని, ఆమె ఏడిస్తే ఏడవనివ్వాలి, ఇద్దరూ ఆ బిడ్డ కోసం కలిసి ఏడ్చింది ఇంతవరకూ ఎన్నడూ లేదు, నర్సు పేరు పిలిచింది, బీథికా మోదక్, ఎడమ చెయ్యి కడుపు మీద పూర్తిగా ఆనించి ఉంచింది, తియ్యలేదు, కుడి చెయ్యి సూది కోసం ముందుకు చాచింది, ఎంత ఉంటే అంత తేలనీ, తేలినదాన్ని మోయడానికి ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళున్నారు.