థర్డ్ ఎయ్యి

"సెకండ్ ఎయ్యి" అంటాడు మా ఆయన. వేస్తాను. "ఇగ థర్డ్ ఎయ్యి" అంటాడు. వేస్తాను. ఆదివారం పొద్దున టిఫిన్లు అయిపోయి, గిన్నెలు తోమి, మధ్యాహ్నానికి కూర తరిగి పెట్టి, చేతులకు ఉల్లిగడ్డ వాసన వదలకముందే స్టీరింగ్ పట్టుకునేదాన్ని. జహీరాబాద్ దాటాక ఎవరో చెరకు చేలు కొని వెంచర్ వేశారు. తారు రోడ్లు పోసి, హద్దురాళ్లు పాతి, పార్కు అని ఒక బోర్డు కూడా పెట్టారు. ఇళ్లు మాత్రం ఒక్కటీ లేవలేదు. మేకలకూ, నాలాగా కారు నేర్చుకునేవాళ్లకూ తప్ప ఆ వెంచర్ ఎవరికీ పనికిరాలేదు.

కారు మాకంటే ముందు ఇద్దరి చేతులు మారి వచ్చింది. గేరు రాడ్ మీది అంకెలు అరిగిపోయి నున్నటి గుండు మిగిలింది. ఏ గేరు ఎప్పుడు మార్చాలో ఎట్లా తెలుస్తుందని మొదటిరోజే అడిగాను. ఇంజన్ చప్పుడును బట్టి తెలుస్తుందట కదా అని కూడా అన్నాను, ఎక్కడో విన్న మాట. మా ఆయన మదన్‌మోహన్ పనిచేసేది ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో. ఇంజన్ గురించి నేను మాట్లాడటం ఆయనకు తమాషాగా తోచింది.

"ఇంజన్‌తోని నీకేం పని? నేను చెప్పినప్పుడు మార్చు. చాలు."

నిజంగానే చాలింది. చెప్పిన మాట వినడంలో నేను దిట్టను. ఆయన చెప్పగానే ఎడమకాలు క్లచ్ మీదికి, ఎడమచెయ్యి రాడ్ మీదికి వాటంతటవే వెళ్లేవి. బండి ఒక్కసారి కూడా కుదిపేది కాదు. లైసెన్సు పరీక్షరోజు ఆయన కంచె అవతల నిలబడి ఒక వేలు, రెండు వేళ్లు చూపిస్తూ ఉన్నాడు. నేను వేళ్లు చూసి గేర్లు వేశాను, పాసయ్యాను. నేను చెప్తుంటె మా స్వప్న ఏ రోడ్డు మీదనైన నడుపుతది అని స్నేహితులతో గొప్పగా చెప్పుకున్నాడు. టీ కప్పులు అందిస్తూ నేనూ మురిసిపోయాను.

నేను మా వాడలో అంగన్‌వాడీ టీచర్ని. సూపర్‌వైజర్ పరీక్ష వస్తే రాయమని ప్రోత్సహించింది ఆయనే, ఎట్లాగూ రాదన్న ధైర్యంతో. వచ్చింది. ఝరాసంగం వైపు ఊళ్లు ఇచ్చారు. కేంద్రాలన్నీ తిరిగి చూడాలి. ఆ ఊళ్లకు బస్సు వచ్చినప్పుడే వచ్చినట్టు, షేరాటో నిండితేగాని కదలదు. కారు నడపగలిగితేనే ఆ ఉద్యోగం. ఆర్డర్ వచ్చినరోజు ఇంట్లో అందరూ మిఠాయి తిన్నారు. మర్నాటి నుంచి ప్రశ్నలు మొదలయ్యాయి. మధ్యాహ్నం నాకు జొన్నరొట్టె ఎవరు చేస్తరని మా అత్తమ్మ బాలమణి అడిగింది. స్కూలు నుంచి రాగానే ఇంట్లో నువ్వు ఉండవా అని మా అమ్మాయి వర్షిత అడిగింది. ఒక్కొక్కటీ చిన్న ప్రశ్నే, ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. జవాబు మాత్రం అన్నిటికీ నేనే చెప్పాలి. షిఫ్టుకు టిఫిన్ డబ్బా ఎవరు కడతారని మా ఆయన నోరు తెరిచి అడగలేదు. వద్దని కూడా అనలేదు. అంటే నలుగురిలో మాట వస్తుంది. కర్ర విరగకుండా పాము చావాలి కదా.

"జాయినయ్యే ముందటి ఆదివారం అందరం ఝరాసంగం గుడికి పోదాం. నువ్వే నడుపు. పోయి వచ్చేదాక బండి యాడ బంద్ కాకపోతె జాయినగు. బందయితె మాత్రం, ఉన్న నౌకరి మంచిగనే ఉన్నది" అన్నాడు.

సరేనన్నాను. ఆ షరతు నాకు న్యాయంగానే తోచింది. ఇప్పుడు తలుచుకుంటే ఆయన పెట్టినదానికంటే నేను సరేనన్నదానికే ఎక్కువ ఒళ్లు మండుతుంది.

ఆ వారంలోనే కోహీర్‌లో మా మీటింగ్ పడింది. ఆయన డ్యూటీలో ఉన్నాడు. ఎవరికీ చెప్పకుండా కారు తీశాను. మొదటిసారి ఒక్కదాన్నే. గల్లీల్లో ఫస్టు, బజారులో సెకండు, బాగానే దాటాను. ఊరు వెనకబడింది, రోడ్డు ఖాళీ అయింది. కాసేపటికి కారు గోల పెట్టడం మొదలుపెట్టింది. మామూలు గోల కాదు, గొంతు చించుకుంటున్నట్టు. తొక్కినకొద్దీ అరుస్తుందిగాని ముందుకు ఉరకదు. లారీలు నన్ను దాటిపోతున్నాయి. ఒక స్కూటర్ మీద భార్యాభర్తలు ఇద్దరూ తిరిగి నావైపు చూశారు. వేడి వాసన వచ్చింది. బండి పాడుచేశానని, సాయంత్రం ఆయనకు ఏం చెప్పాలో మాటలు కూర్చుకుంటూనే చాలా దూరం పోయి, చివరికి పక్కకు ఆపి ఇంజన్ కట్టేశాను. చెయ్యి ఇంకా రాడ్ మీదే ఉంది. సెకండ్‌లో.

థర్డ్ ఎయ్యమని ఎవరూ చెప్పలేదు. అందుకని నేను వేయలేదు.

నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. నేను మందబుద్ధినైతే కాదు, పరీక్ష పాసైనదాన్ని. కానీ అక్కడ కూర్చుని ఆలోచిస్తే నా రోజు మొత్తం అట్లాగే నడుస్తోంది. పెళ్లిళ్లకు వెళితే, లే పోదాం అని అత్తమ్మ అనేదాకా కూర్చుంటాను, అనగానే చేతిలో ఐస్‌క్రీం ఉన్నా లేస్తాను. అమ్మ దగ్గరికి వెళితే, ఇగ రా అని ఫోన్ వచ్చేదాకా ఉంటాను, వచ్చాక ఉండను. ఉండాలని ఉందా, పోవాలని ఉందా అని నన్ను నేను అడిగిన గుర్తు లేదు. ఆకలి కూడా అందరి కంచాలూ కడిగాకే తెలుస్తుంది నాకు. ఇది ఎవరో కొట్టి నేర్పింది కాదు. మంచి పిల్ల, ఎదురు చెప్పదు అని మెచ్చుకుని మెచ్చుకుని నేర్పారు. నాకు చెవులున్నాయి, ఇంజన్ అరుస్తున్నది వినపడింది కూడా. అది నాకు చెబుతున్నదని మాత్రం తోచలేదు.

మళ్లీ స్టార్ట్ చేశాను. సెకండ్‌లో గొంతు కాస్త పైకి లేవగానే థర్డ్ వేశాను. చప్పుడు దిగింది, బండి కుదురుకుంది. తొందరపడి ఫోర్త్ వేస్తే ఒళ్లంతా వణికింది, వెంటనే తగ్గించాను. అంగన్‌వాడీలో ఏ పిల్ల ఏడుపు ఆకలిదో, ఏది నిద్రదో పక్కగదిలోంచి చెప్పగలను. ఇది అంతకంటే కష్టమేం కాదు. మీటింగ్‌కు ఆలస్యంగా వెళ్లి మాటలు పడ్డాను. ఆ తర్వాత వీలు దొరికిన ప్రతి మధ్యాహ్నం, కేంద్రం మూసి, వర్షిత వచ్చేలోపు ఒక్కదాన్నే వెంచర్‌కు వెళ్లాను.

ఆదివారం వచ్చింది. తెల్లవారుజామునే లేచి పులిహోర కలిపి, డబ్బాలు సర్ది, అందరికంటే ఆఖరున తయారయ్యాను. ట్యూషన్ ఉందని వర్షిత రాలేదు. ఆయన నా పక్కన, అత్తమ్మ వెనక. ఊరి చివర ఆయన "థర్డ్" అన్నాడు. అప్పటికే వేసి ఉన్నాను. "ఫోర్త్" అన్నాడు, అదీ అయిపోయింది. తర్వాత నా చెయ్యి కంటే ముందు తన మాట పడాలని తొందరపడటం మొదలుపెట్టాడు. మలుపు రాకముందే సెకండ్ అంటాడు, తిరగకముందే థర్డ్ అంటాడు. నేను ఊఁ అంటూ నా పని నేను చేసుకుపోయాను. ఆయన ముఖం ముడుచుకుంటోంది. ఒకరకంగా జాలేసింది.

ఎత్తు మొదలైన చోట ముందర చెరకు ట్రాక్టర్, రెండు ట్రాలీలతో, నడిచే మనిషి కంటే నిదానంగా పోతోంది. సెకండ్‌లో దాని వెనకే ఉన్నాను. "థర్డ్ ఎయ్యి, ఓవర్‌టేక్ చెయ్యి" అన్నాడు. బండికి సెకండే భారంగా ఉంది, నాకు వినపడుతోంది. వేయలేదు. "థర్డ్ ఎయ్యి అంటున్న గద." నా చేతిమీద తన చెయ్యి వేసి రాడ్ ముందుకు తోశాడు. నా కాలు పాత అలవాటున క్లచ్ తొక్కి వదిలేసింది. కారు రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది. హ్యాండ్‌బ్రేక్ లాగాను. వెనక జీపువాడు హారన్ మీద హారన్.

"చూసినవా, బందయింది. అమ్మా, నువ్వు గూడ చూసినవ్ గద" అన్నాడు.

"చూసిన" అంది అత్తమ్మ.

"దిగు. నేను నడుపుత" అని తనవైపు తలుపు తీసి దిగాడు, గట్టిగా వేశాడు. దిగి ఇటు రాకుండా వెనక్కి నడిచాడు. ఆడోళ్ల బండన్నా, ఏమనుకోకు, పక్కకెల్లి పో అని జీపువాడికి చెయ్యి ఊపుతూ చెబుతున్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. జీపు నన్ను దాటిపోయింది. ఆయన ఇంకా రోడ్డు పక్కనే ఉన్నాడు, చొక్కా సరిచేసుకుంటూ, నేను దిగుతానని.

నా చేతిమీద ఆయన వేళ్ల వేడి ఇంకా ఉంది. దిగితే సోమవారం మా వాడలోనే, అదే గదిలో ఉంటాను. తలుపు పిడి మీదికి పోయిన చెయ్యి వెనక్కి తీసుకుని తాళం తిప్పాను. ఫస్ట్. హ్యాండ్‌బ్రేక్ వదిలాను. బండి ఒక్క అంగుళం కూడా వెనక్కి జారలేదు.

అద్దంలో ఆయన రెండడుగులు పరుగెత్తి, ఆగి, నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"వాడు ఎక్కలే" అంది అత్తమ్మ.

"ఆటోల వస్తడు అత్తమ్మా. నేను రేపు జాయినైత."

ఆమె ముందు సీటును రెండు చేతులతో పట్టుకుంది. ట్రాక్టర్ పక్కకు జరిగి దారిచ్చింది, ఎత్తు దాటాం, రెండువైపులా కంది చేలు వచ్చాయి. థర్డ్ ఎప్పుడు వేశానో నాకు గుర్తులేదు.